ఎండు రొయ్యలకు నలభై ఆరు వేలు

మా మరిది ప్రవీణ్‌కుమార్ పర్సులో ఒక క్రెడిట్ కార్డు ఉంటుంది. బచేలి గనుల్లో ఉద్యోగం కాబట్టి బ్యాంకువాళ్ళే ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళారట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంకన దాన్ని బయటికి తీస్తాడు. ఆ ఏడు ఇప్పపువ్వు ఏరడం అయిపోయి, తునికాకు కోత ఇంకా మొదలవని రోజుల్లో వచ్చాడు. మేము వడ్లు పట్టే మిషను కొంటున్నామని వినగానే, అన్నం ముందు కూర్చున్నవాడల్లా ఎడమ చేత్తో కార్డు తీసి నా ముందు పెట్టాడు.

“వదినా, నలభై ఆరు వేలు ఫోన్‌ల పంపుతనంటున్నవంట. ఒద్దు. దీని మీద గీకిస్త. నలభై రోజుల దాంక ఒక్క పైస కట్టే పనిలేదు.”

“అప్పు కార్డు మాకెందుకయ్యా? పైసలు ఖాతాల ఉన్నయ్.”

“ఉంటే ఉండనీ. ఫోన్‌ల ఒకసారి నొక్కినవంటే అయి వాళ్ళయి. మిషన్ రాకపోయినా, పాడు మిషన్ అంటగట్టినా నువ్వే ఎనకాల తిరగాలె. కార్డయితే మధ్యల బ్యాంకు ఉంటది. నాకు మిషన్ రాలే, నేను పైసలియ్య అని ఒక్క ఫోన్ కొడితే బ్యాంకోడే కొట్లాడతడు.”

“ఊకెనే కొట్లాడతడా?”

ప్రవీణ్ కొంచెం తగ్గాడు. “దుకాణపాయన రెండు శాతం ఎక్కువ దీస్కుంటడు.”

రెండు శాతం అంటే తొమ్మిది వందల ఇరవై రూపాయలు. పాతిక కిలోల చింతపండు. నాకు లెక్క చప్పున వచ్చేస్తుంది, ఆ సంగతి పదిమందికీ తెలియాలని కూడా ఉంటుంది. కార్డును అతని వైపుకే నెట్టి, విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేశాను. ఆనాటి నా పొగరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆ డబ్బు నాది కాదు. మా సమూహంలో ఉన్న పదిమంది ఆడవాళ్ళది. మూడేళ్ళు చింతపండు కొట్టి, ఇప్పపువ్వు ఎండబెట్టి అమ్మి కూడబెట్టింది. మా ఊరు ఆవపల్లికి మూడు కిలోమీటర్లు, మధ్యలో వాగు. ఎండాకాలం వడ్లు నెత్తిన పెట్టుకుని ఆవపల్లి మిల్లుకు పోతాం. వాగు పొంగిందంటే ఇక రోకలే దిక్కు. మా పక్కింటి పొజ్జేకు కుడి భుజం పోయిన వానాకాలం దంచీ దంచీ పట్టేసింది. అప్పటినుంచి జుట్టు ముడి కూడా కూతురే వేస్తోంది. ఈసారి వాన పడకముందే మిషను ఊళ్ళోకి రావాలన్నది పొజ్జే పట్టు. సమూహం ఖాతాకు ఫోన్ కలపరు కాబట్టి ముగ్గురు సంతకాలు చేసి మొత్తం నా ఖాతాలోకి మార్చారు. పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే మరి.

జగదల్‌పూర్ దుకాణం తరఫున ఉమేష్ అనే ఆయన ధర ముందే ఫోన్లో చెప్పి, ప్రవీణ్ వచ్చి వెళ్ళాక పడ్డ ఆవపల్లి సంతకు మిషను తెచ్చి చూపించాడు. మా కళ్ళముందే శేరు వడ్లు పోసి బియ్యం తీశాడు. పొజ్జే ఆ బియ్యం నాలుగు గింజలు కొరికి చూసి, చేటలో వేసి చెరిగి, నూక తక్కువేనని తేల్చింది.

“వారం లోపల పైసలు కడితే నలభై ఆరు, దీదీ. తర్వాత యాభై,” అన్నాడు ఉమేష్.

సంత రోజున అక్కడ నిలబడి ఫోన్లో డబ్బు కట్టడం అయ్యే పని కాదు. ఉన్న ఒక్క టవరు మీద ఊళ్ళన్నీ పడతాయి. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. సరుకు తీసుకుంటాం, అమ్మేవాళ్ళ స్కానర్ కాగితాన్ని ఫోటో తీసుకుంటాం, ఇంటికి పోతూ దారిలో సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి అక్కడినుంచి కడతాం. అమ్మేవాళ్ళు సరేనంటారు. ప్రవీణ్ కార్డుకు నలభై రోజుల గడువైతే మా గుట్టకు రెండు గంటల గడువు. ఇంకో చిక్కు ఉంది. ఫోన్లో దాచుకున్న ఫోటోతోనే కడితే రెండు వేలు దాటనివ్వదు. అందుకే పెద్ద మొత్తమైతే ఒక ఫోన్లో ఫోటో చూపించి, ఇంకో ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తాం. ఇది ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ గుట్ట మీద అందరికీ వచ్చు.

మిషను చూసిన రోజే మా ఆయన రామనర్సయ్య ఫోన్లో రెండు ఫోటోలు తీశాం. ఒకటి మిషనుది. ఇంకొకటి ఎండు రొయ్యలది, ఎనభై రూపాయలు. నాలుగింటికి గుట్ట ఎక్కితే ఎండ మొహం మీదే కొడుతోంది. తెర మీద ఏమీ సరిగ్గా కనబడదు. ఆయన తన ఫోన్ పట్టుకున్నాడు, నేను నా ఫోన్ దాని మీదికి చూపించాను.

“ఇది రొయ్యలది. ఎనభై గొట్టు,” అన్నాడు.

కొట్టాను.

ఆయన బొటనవేలితో బొమ్మ తిప్పాడు. “ఇగ ఇది మిషన్ది.”

నంద అని పేరు వచ్చింది. నేను ఆగలేదు. మా సంతలో కాగితం మీద ఉండే పేరుకీ దాని వెనక కూర్చున్న మనిషికీ ఎప్పుడూ పొంతన కుదరదు. గాజులమ్మే ముసలమ్మ కాగితం మీద అల్లుడి పేరుంటుంది. కోళ్ళమ్మే మాసా కాగితం మీద వాళ్ళ పక్కూరి మాస్టారి పేరుంటుంది. పేర్లు చదవడం మేము ఎప్పుడో మానేశాం. నలభై ఆరు వేలు కొట్టి, పిన్ను నొక్కి, ఫోన్ టింగుమనగానే గుట్ట దిగిపోయాం. రాత్రికి రొయ్యల కూర బాగా కుదిరిందని ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఉమేష్ ఫోన్ చేశాడు.

“దీదీ, మజాక్ చేస్తున్నరా? ఎనభై రూపాయలు పంపిన్రేంది?”

ఆయన్ను కేకేశాను. నీడలో ఆయన ఫోన్ తెరిచి ఫోటోలు చూస్తే అంతా స్పష్టంగా ఉంది. ముందు మిషనుది, తర్వాత రొయ్యలది. మేము తిరగేసి కట్టాం. ఎండు రొయ్యలకు నలభై ఆరు వేలు పోయాయి.

“నువ్వు పేరు సదవలే,” అన్నాడు ఆయన.

“నువ్వు బొమ్మ తిప్పినవ్,” అన్నాను నేను.

పెళ్ళయిన పదిహేనేళ్ళలో అంత పెద్ద తగాదా మాకు రాలేదు. ఇద్దరిదీ తప్పే కాబట్టి ఎటూ తెగలేదు. కొట్లాడుకుంటూనే బ్యాంకుకు పోయాం. మేనేజరు మంచాయనే, కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. మీ చేత్తో మీరే పంపారు, ఇది దొంగతనం కిందికి రాదు, అర్జీ రాసిస్తే పంపిస్తాం, అవతలి మనిషి ఒప్పుకుంటేనే తిరిగొస్తాయి అని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేదు.

మరుసటి సంత దాకా ఏడు రోజులు ఎట్లా గడిపానో నాకే తెలియదు. తెల్లారగానే పోయి ఎండు చేపల వరసలో నిలబడ్డాను. రొయ్యలామె చోటు ఖాళీగా ఉంది. పక్కామెను అడిగితే, “ఈ వారం ఏ సంతకూ రాలేదంట,” అంది. నా డబ్బు చూసుకుని పారిపోయింది దొంగది అని అక్కడే నలుగురిలో తిట్టాను.

ప్రవీణ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ‘నేను చెప్తే ఇన్నవా’ అంటాడని కాచుకుని ఉన్నాను. అనలేదు. అన్నా బాగుండేది.

“తప్పు చోట గీకితే కార్డయినా తిప్పలే వదినా. కాని అడగనీకి ఒకడు ఉంటడు. ఫోన్‌ల పంపినదానికి ఆ నంద అనేటోడు తప్ప ఎవ్వరు లేరు. నా కార్డు మీద మిషన్ తెచ్చుకుందం. నలభై రోజుల్ల ఆ పైసలు దొరికితే కట్టేద్దం.”

“దొరకకుంటే?”

“వడ్డీ పడతది. మస్తు పడతది.”

ఇంట్లో మా ఆయన ఇంకో దారి చెప్పాడు. అప్పటికి తగాదా చల్లారి ఇద్దరం నీరసించిపోయాం.

“ఎవ్వరికి జెప్పకు. బండి అమ్ముదం. తక్కువ పడ్డయి మా తమ్ముడు ఇస్తడు.”

బండి అంటే మోటారు సైకిలు. ఊరూరూ తిరిగి బోరు మోటార్లు బాగుచేసే మనిషికి అది లేకపోతే పనే లేదు. నా పరువు కోసం ఆయన దాన్ని అమ్ముతానంటుంటే ఏడుపొచ్చింది. నిజం చెప్తున్నాను, రెండు రోజులు నేనూ ఆ మాట పట్టుకుని ఊగాను. బండి పోతే పోయింది, నాగలక్ష్మి పైసలు పోగొట్టిందన్న మాట రాదు కదా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున బయటికి వస్తే పొజ్జే మా కొట్టంలో ఉంది. మిషను పెట్టడానికి ఎంచుకున్న కొట్టం అది. ఎర్రమట్టి, పేడ కలిపి ఎడమచేత్తో నేల అలుకుతోంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“మిషన్ ఏ రోజు వస్తదక్కా? ఆరాలె గదా నేల,” అంది తలెత్తకుండానే.

ఇక దాచడం నావల్ల కాలేదు. “పొజ్జే, లెవ్వు. అందర్ని పిలువు,” అన్నాను.

ఆ తడి నేల అంచునే అందరూ నిలబడ్డారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. బండి అమ్మి ఇస్తామని కూడా చెప్పాను. వాళ్ళలో జోగి, “నా మూడేండ్ల చింతపండు రొయ్యల్ల పోసినవాక్కా?” అని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ మాట నాకు సూటిగా తగిలింది, తగలాల్సిందే.

పొజ్జే మట్టి చెయ్యి కడుక్కుని వచ్చింది. “ఎవలికి పోయినయ్?”

“నంద అని పేరు. రొయ్యలమ్మే ఆమె కాగితం. ఆమె సంతకు వస్తనే లేదు. దొంగది.”

“సూపియ్.”

ఫోటో చూపించాను. పొజ్జేకు చదువు రాదు. ఆ గళ్ళ బొమ్మను వదిలేసి, నేను ఒక్కసారీ చూడని ఫోటో అంచు చూసింది. నీలం పట్టా, రొయ్యల కుప్ప, కాగితాన్ని పట్టుకున్న ఒక చెయ్యి, ఆ చేతి మీద పచ్చబొట్టు.

“ఇది దుర్గమ్మ చెయ్యి,” అంది. “నా దగ్గర ఇప్పపువ్వు దీస్కొని చేపలు ఇస్తది. నిండినంక గుప్పెడు ఎక్కువేస్తది. జగర్గుండల ఉంటది. ఆమె దొంగ గాదక్కా. మనిషికే గదా పోయినయ్. పోయి అడుగుదం.”

అంత తేలిగ్గా అనేసింది. నేను తొమ్మిది రోజులుగా బ్యాంకునీ, ఫోన్నీ, టవరునీ తిట్టుకుంటూ తిరిగాను. ఆ చేతి మనిషి ఎవరని ఒక్కరినీ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఒక్క బండి మీద ముగ్గురం బయల్దేరాం. దారిలో రెండు పోలీసు క్యాంపుల దగ్గర ఆపి పేర్లు రాసుకున్నారు. ఏం పని మీద పోతున్నారని అడిగితే మా ఆయన “ఎండు రొయ్యలు” అన్నాడు, అబద్ధం కాదు. నక్సలైట్ల గొడవల్లో ఆగిపోయిన జగర్గుండా సంత మళ్ళీ మొదలయ్యాక దుర్గమ్మ అక్కడే చిన్న ఇల్లు వేసుకుంది. తలుపు తీసింది పాతికేళ్ళ కుర్రాడు, ఆమె కొడుకు. పేరు నంద.

“తమ్ముడూ, పొరపాటున నీ ఖాతాకు...” అని నేను మొదలుపెట్టానో లేదో తలుపు సగం మూసేశాడు.

“పొరపాటున పంపినం, వాపస్ పంపు అనేటోడే దొంగ అని ఫోన్‌ల రోజు జెప్తున్నరు. ఎవలమ్మా మీరు?”

బ్యాంకులో ఇచ్చిన అర్జీ కాగితం చూపించాను.

“కాగితాలు ఎవలైన చేస్తరు.” కాగితం నా చేతికే తిరిగిచ్చేశాడు. “పంపినోళ్ళెవలో తెల్వదు, ఎందుకు పంపిన్రో తెల్వదు. మన దిక్కు తెల్వని పైసలు ఖాతాల పడితే పోలీసోళ్ళు ఎన్ని ప్రశ్నలడుగుతరో నీకు దెల్వదా? ఒక్క రూపాయి ముట్టలే. ఫోన్ బందు పెట్టిన. అమ్మను సంతకు పోవద్దన్న. మీకిచ్చినంక రేపు ఇంకొకడు నావి అనొస్తే ఏం జెయ్యాలె?”

నేను దొంగలనుకున్నవాళ్ళు పది రోజులుగా నాకంటే ఎక్కువ భయంలో ఉన్నారు. సంతలో నేను తిట్టిన తిట్లు గుర్తొచ్చి తల దించుకున్నాను. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

అప్పుడు లోపలినుంచి దుర్గమ్మ వచ్చి, కొడుకు భుజం మీదుగా నన్ను ఎగాదిగా చూసింది.

“ఆగు బిడ్డా. ఈమె నాకెరుకే. నా రొయ్యల పైసలు ఎగ్గొట్టింది గీమెనే.”

“ఏంది పెద్దమ్మా?”

“ఏందంటవేంది? ఎనభై రూపాయలు. గుట్టెక్కి కడతనని ఫోటో దీస్కొని పోయినవ్. పడ్డయా? పడలే. ఈ పది రోజులు నిన్ను తిట్టని పూట లేదు.”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “నీ ఎనభై మిషన్ దుకాణానికి పోయినయ్ పెద్దమ్మా. మిషన్ పైసలు నీకొచ్చినయ్!”

నంద ఫోన్ తెరిచి ఆ రోజు వచ్చిన డబ్బులన్నీ పైనుంచి కిందికి చూశాడు. అరవై ఉంది, నూటయాభై ఉంది, ఎనభై ఎక్కడా లేదు. నలభై ఆరు వేలు ఉంది, దాని పక్కన నా పేరుంది. నా ఫోన్లో ఉన్న టైముతో సరిచూశాడు. తలుపు పూర్తిగా తీసి, లోపలికి రమ్మన్నాడు.

దుర్గమ్మ జావ పోసి ఇచ్చింది. పొజ్జే, ఆమె నేల మీద కూర్చుని ఆ ఏటి ఇప్పపువ్వు ముచ్చట్లలో పడిపోయారు. క్యాంపు టవరు కనబడే చోటికి పోయి నంద పంపబోతుంటే ఇంట్లోంచి కేక వినబడింది.

“నా ఎనభై పట్టుకొని పంపురా!”

అట్లాగే నలభై ఐదు వేల తొమ్మిది వందల ఇరవై పంపాడు. నొక్కేముందు నా పేరు మూడుసార్లు పైకి చదివి, మూడుసార్లూ నావైపు చూశాడు. ఉమేష్ దగ్గర ఎలాగూ ఎనభై ఉన్నాయి. లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోయింది.

ముగ్గురం తిరిగి బయల్దేరాం. వాగు దగ్గర మా ఆయన బండి ఆపి, “బొమ్మ నేనే తిప్పిన,” అన్నాడు. “పేరు నేనే సదవలే,” అన్నాను. పొజ్జే మా ఇద్దరినీ చూసి, “అయింది గదా, నడువుర్రి. నాకు వంటుంది,” అంది.

ఉమేష్ చెప్పిన వారం గడువు దాటిపోయింది. యాభై అంటాడేమోనని భయపడుతూ ఫోన్ చేశాను. అతను నవ్వాడు. “ఎనభై ముందే కట్టిన్రు గద దీదీ, బుకింగ్ అయినట్టే. నలభై ఆరే.” వాన ఇంకో వారమో పది రోజులో ఉందనగా ఆరుగురం ఆడవాళ్ళం జగదల్‌పూర్ బస్సెక్కాం. జోగి వస్తుందనుకోలేదు. మూతి బిగించుకునే వచ్చి చివరి సీట్లో కూర్చుంది.

ప్రవీణ్ బచేలి నుంచి నేరుగా దుకాణానికి వచ్చాడు. పర్సు చేతిలోనే ఉంది.

“కార్డా, ఫోనా?” అన్నాడు ఉమేష్.

ఈసారి నేను తొందరపడలేదు. కార్డు సంగతి, ఫోను సంగతి ప్రవీణ్ చేతనే అందరికీ చెప్పించాను. గడువు, వడ్డీ, మధ్యలో బ్యాంకు, దానికయ్యే తొమ్మిది వందల ఇరవై, అన్నీ. కొంత హిందీలో, కొంత తెలుగులో, మిగిలింది పొజ్జే తమ దోర్లీ భాషలో అందరికీ విప్పి చెప్పింది.

“మధ్యల నిలబడేటోనికి తొమ్మిది నూర్లా?” అంది పొజ్జే. “దుర్గమ్మ నిలబడలేదా పది రోజులు? ఏమడిగింది?”

“అందరు దుర్గమ్మలు ఉండరు పొజ్జక్కా,” అన్నాడు ప్రవీణ్.

“ఉండరు. అందుకే ముందు మిషన్ బండెక్కియ్యి. వడ్లు పోసి నడిపిచ్చు. అయినంక నొక్కుతం. ఎదుట మనిషి, ఎదుట మిషన్, ఇగ బ్యాంకెందుకు?”

ప్రవీణ్ కార్డు పర్సులో పెట్టేశాడు. “ఈ బేరానికి నా కార్డు పనికిరాదు వదినా,” అన్నాడు నవ్వుతూ. దూరం నుంచి ఏదైనా తెప్పించుకునేటప్పుడు మాత్రం నీ కార్డే అడుగుతానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మిషను కిరాయి బండెక్కింది. ఉమేష్ వైరు తగిలించి నడిపించాడు. జోగి తెచ్చిన వడ్లు పోసి, బియ్యం అరచేతిలో వేసుకుని, ఊదుకుని చూసింది. బాగుందని ఒప్పుకోవడానికి కొంత టైము తీసుకుంది.

ఇక కట్టాలి. నా ఫోన్ పొజ్జేకు ఇవ్వబోయాను. “నా చెయ్యి మంచిది గాదు. మీల ఎవలన్న నొక్కుర్రి. పిన్ను నేను జెప్త,” అన్నాను. పొజ్జే తీసుకోలేదు. పక్కామె వెనక్కి జరిగింది.

“నువ్వే నొక్కక్కా,” అంది జోగి. వెళ్ళిపోయిన రోజు తర్వాత ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు. “మేమింక పోగొట్టుకోలే. పోగొట్టుకున్నదానివి నువ్వే. నువ్వు సదివినంత మంచిగ ఎవలు సదువుతరు?”

కళ్ళు తుడుచుకుంటేగానీ తెర కనబడలేదు. గోడ మీది కాగితం నేరుగా స్కాన్ చేశాను. వచ్చిన పేరు గట్టిగా చదివాను. “మా దుకాణం మాలిక్ భార్య పేరే దీదీ,” అన్నాడు ఉమేష్. భార్యను పిలిపించమన్నాను. ఆమె లోపలి గదిలోంచి పిండి చేతులతో వచ్చి, ఇదేం చోద్యమన్నట్టు మా ఆరుగురినీ చూసింది.

“మీ పేరు చెప్పండమ్మా,” అన్నాను.

చెప్పింది. అప్పుడు నొక్కాను.